గిన్నె మీద మన పేరుంది... మరి దాని పేరేది?

అమ్మ పోయిన ఏడాదికి ఆ ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. అటక మీది సామానంతా కిందికి దించాం. ఎన్ని స్టీలు సామాన్లో! బిందెలు, గంగాళం, చిన్నా పెద్దా డబ్బాల వరస, అడుగు నల్లబడిన తపేలాలు, మూడు టిఫిన్ క్యారియర్లు. ప్రతిదాని మీదా ఏదో ఒక పేరు. కొన్నిటి మీద అమ్మ పేరు, కొన్నిటి మీద అమ్మమ్మ పేరు, అక్క పెళ్లికి చదివింపుల్లో వచ్చిన వాటి మీద ఇచ్చినవాళ్ల పేరూ, తారీఖూ. అక్కా నేనూ ఆ పేర్లు చదువుకుంటూ ఒక పూటంతా గడిపేశాం. ఎవరికి కావలసినవి వాళ్లం తీసుకున్నాక, మిగిలినవి గోనెసంచుల్లో కట్టి ఆటోలో వేసుకుని, పాత సామాన్లు కొనే పెద్ద దుకాణానికి తీసుకెళ్లాం.

అక్కడి యజమాని తూకం వేయబోయే ముందు పిల్లలాడుకునే తుపాకీలాంటి మిషనొకటి బయటికి తీశాడు. దాని మూతి గిన్నెకి ఆనించడం, కొన్ని సెకన్లు ఆగడం, తెర మీద అంకెలు చూడటం, గిన్నెని కుడివైపో ఎడమవైపో పడేయడం. చూస్తుండగానే రెండు కుప్పలయ్యాయి.

"రెండు కుప్పలెందుకండీ? అన్నీ స్టీలేగా!" అంది అక్క.

"స్టీలేనమ్మా. కానీ ఇది మూడొందల నాలుగు. అది రెండొందల సిరీసు. దీనికిచ్చే రేటు దానికి రాదు" అన్నాడాయన మామూలుగా.

తక్కువ రేటు కుప్పలో ఏముందని చూస్తే, అక్క పెళ్లికి అమ్మ చీటీ పాడి మరీ కొన్న సారె సామాను! "మొదటి రకం స్టీలమ్మా, మీ మనవలు కూడా వాడుకుంటారు" అని దుకాణంలో చెప్పారని అమ్మ ఎన్నిసార్లు మురిసిపోయిందో! ఎక్కువ రేటు కుప్పలో ఉన్నదేమో సొట్టలు పడి, మెరుపు పోయి, మేమెవరమూ వద్దనుకున్న అమ్మమ్మగారి తపేలా.

కొన్న అమ్మకి తెలియలేదు. ఇరవై ఏళ్లు తోమి బోర్లించిన అక్కకి తెలియలేదు. తుక్కు కొనేవాడికి మాత్రం కాసేపట్లో తెలిసిపోయింది. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. కూరగాయల దగ్గర ముదురూ లేతా చూస్తాం. చీర కొంటే అంచు తిప్పి చూస్తాం. బంగారం కొంటే హాల్‌మార్క్ ఉందా అని అడుగుతాం. రోజుకి మూడు పూటలా అన్నం వండుకునే గిన్నె దగ్గర మాత్రం "స్టీలు" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. ఎందుకని?

చిలుము బాధ తప్పించిన స్టీలు

స్టీలంటే మన ఇళ్లల్లో ఇంత మక్కువ ఊరికే రాలేదు. అంతకు ముందు వంటింట్లో ఇత్తడి, కంచు, రాగి, మట్టికుండలు, సత్తు గిన్నెలు. తూర్పు గోదావరి జిల్లాలో అజ్జరం, శ్రీకాకుళం జిల్లాలో బుడితి ఇత్తడి, కంచు పనికి ఈనాటికీ పేరున్న ఊళ్లే. కానీ ఇత్తడి అందం వెనక ఆడవాళ్ల రెక్కల కష్టం ఉండేది. చింతపండు పట్టించి, బూడిదతో రుద్దితే గానీ మెరుపు వచ్చేది కాదు. పులుసు పెట్టాలంటే కళాయి ఉండాల్సిందే. కళాయి పోతే పులుపు తగిలి చిలుమెక్కి వంట పాడయ్యేది. కళాయివాడు వీధిలోకి ఎప్పుడొస్తాడా అని ఎదురుచూపు.

అలాంటి ఇంట్లోకి స్టీలు వచ్చింది. చిలుము లేదు, కళాయి లేదు, పులుసైనా మజ్జిగైనా రంగు మారదు. నాలుగు రుద్దులు రుద్ది కడిగేస్తే చాలు. పెద్దవాళ్లు దాచుకున్న ఇత్తడి బిందెలు మారకం వేసి మరీ స్టీలు కొన్నారు. పాత జరీ చీరలిచ్చి వీధిలో బుట్టవాళ్ల దగ్గర గిన్నెలు తీసుకున్నారు. తమిళనాడులోని సేలంలో ప్రభుత్వ రంగ స్టెయిన్‌లెస్ స్టీలు కర్మాగారం 1980ల మొదట్లో పని మొదలుపెట్టింది. ఆ తర్వాత సేలం స్టీలన్న మాట మన వంటిళ్లలో కూడా వినబడింది. కోస్తాలో సామాన్లన్నా, తెలంగాణలో బాసన్లన్నా, అవి స్టీలువైతే ఆ ఇంటికో గౌరవం. ఆ నమ్మకంతోనే "స్టీలు" అంటే ఒకే ఒక్క లోహం అనుకున్నాం. అక్కడే మనం పొరబడ్డాం.

పాల మీద మీగడలా...

స్టెయిన్‌లెస్ స్టీలు ఒక్క లోహం కాదు, ఒక పెద్ద కుటుంబం. ఎక్కువ భాగం ఇనుమే. అందులో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్నంలో హ్యారీ బ్రేర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఏం చేయాలా అని పరిశోధిస్తూ క్రోమియం కలిపిన ఉక్కు తయారు చేశాడు. అది తుప్పు పట్టడం లేదని గమనించి నిమ్మరసం, వెనిగర్ లాంటి వాటితో కూడా పరీక్షించి చూశాడు. తుపాకీ కోసం మొదలైన పని చివరికి భోజనాల బల్ల మీది చాకుల దగ్గర తేలింది!

ఇంతకీ క్రోమియం చేసే పనేమిటి? గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గిన్నె ఒంటి మీద ఒక సన్నటి పొర కడుతుంది. కంటికి కనిపించదు. తలవెంట్రుక మందాన్ని ఇరవై వేల వంతులు చేస్తే సుమారుగా అందులో ఒక వంతు! లోపలున్న ఇనుముకి తడి తగలకుండా కాపాడేది ఈ పొరే. కాగిన పాల మీది మీగడ తీసేస్తే కాసేపటికి మళ్లీ కట్టినట్టు, గిన్నె మీద గీత పడినా ఆ పొర మళ్లీ తనంతట తనే కడుతుంది. ఇత్తడికి కళాయివాడు కావాలి. స్టీలు తన కళాయి తానే వేసుకుంటుంది.

అయితే ఈ పొర ఎంత గట్టిగా నిలుస్తుందన్నది ఆ ఉక్కులో ఏం కలిపారు, ఎంత కలిపారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. దాన్ని తెలిపేదే గ్రేడు నంబరు. దుకాణంలో వినబడే అంకెల భాష ఇదే. కష్టమైనదేం కాదు, కుక్కర్ రబ్బరు సైజు గుర్తుపెట్టుకున్నంత తేలిక.

ఎవరెవరు, ఎక్కడెక్కడ?

304: వంటింటికి పెద్దకోడలు లాంటిది. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. కొన్ని పాత్రల అడుగున 18/8 అనీ, 18/10 అనీ ఉండేది ఈ లెక్కే. మొదటి అంకె క్రోమియం, రెండోది నికెల్. నికెల్ కలవడం వల్ల ఉక్కు సాగే గుణం పెరుగుతుంది. లోతైన గిన్నెలు పగుళ్లు రాకుండా ఒత్తగలుగుతారు. పులుపుకీ బాగా తట్టుకుంటుంది. చారు, పులుసు, సాంబారు, పాలు, పెరుగు, తాగేనీళ్లు... వీటన్నిటికీ నమ్మదగ్గది. పాల డైరీల్లోని ట్యాంకులూ, మంచి సింకులూ దీంతోనే చేస్తారు.

200 సిరీసు: 201, 202 అని వినబడేవి. నికెల్ ఖరీదైన లోహం. మన దేశానికి అది బయటినుంచే రావాలి. అందుకని నికెల్ తగ్గించి, ఆ లోటు మాంగనీసుతో పూడ్చిన రకాలివి. ఇదేదో మన దగ్గర పుట్టిన మాయోపాయం కాదు. 1950ల్లో కొరియా యుద్ధం రోజుల్లో నికెల్ కొరత వచ్చినప్పుడు అమెరికాలోనే ఈ రకాలు నిలదొక్కుకున్నాయి. 202లో నికెల్ 4 నుంచి 6 శాతం, మాంగనీసు ఏడున్నర నుంచి 10 శాతం దాకా ఉంటుంది. మన బజారులో జె4 అని పిలిచే రకంలోనైతే నికెల్ ఒక శాతం దరిదాపుల్లోనే. ఇవి గట్టివే. కొత్తలో 304 పక్కన పెడితే మీరూ నేనూ తేడా పట్టలేం. కానీ మాంగనీసు గిన్నెకి బలాన్నిస్తుందే తప్ప తుప్పు నుంచి కాపాడటంలో నికెల్‌కి సాటి రాదు. పైగా నికెల్ బాగా తగ్గించిన రకాల్లో క్రోమియం కూడా కొంత తగ్గించక తప్పదు. ఉప్పూ, పులుపూ, తడీ రోజూ తగిలేచోట వీటి మీద ముందుగా మచ్చలూ, గుంటలూ కనిపిస్తాయి.

430: నికెల్ వేయనిది. 16 నుంచి 18 శాతం క్రోమియం. అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటుంది. చెంచాలు, పళ్లేలు, డబ్బాల మూతలు, ఇండక్షన్ పొయ్యి మీద పెట్టే గిన్నెల అడుగు పొర దీంతోనే. చెంచా మీద 18/0 అని ఉంటే ఈ జాతిదే. మీ పర్సులో దీనికో చుట్టం ఉంది, తెలుసా? 1992లో వచ్చిన స్టీలు రూపాయి బిళ్ల. 83 పాళ్లు ఇనుము, 17 పాళ్లు క్రోమియం. ఫ్రిజ్ మీది అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి, టక్కున అంటుకుంటుంది.

420: చాకులదీ, కత్తెరలదీ. క్రోమియం 12 నుంచి 14 శాతమే, కార్బన్ కాస్త ఎక్కువ. అందుకే పదును నిలుస్తుంది. పదును కోసం తుప్పు విషయంలో కొంత వదులుకున్నట్టు. "స్టీలు చాకే, తుప్పెలా పట్టిందీ!" అని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. మన అమ్మమ్మలు కత్తిపీట వాడగానే తుడిచి పక్కన పెట్టేవారు. స్టీలు చాకుకీ అదే పద్ధతి. రాత్రంతా సింకులో నానబెట్టకూడదు.

316: ఈ కుటుంబంలో ఖరీదైనది. నికెల్ 10 నుంచి 14 శాతం, దానికి తోడు మాలిబ్డినం 2 నుంచి 3 శాతం. ఉప్పుకి తట్టుకోవడంలో 304 కంటే గట్టిది. విరిగిన ఎముకకి వేసే ప్లేట్లూ, స్క్రూలూ చేయడానికి వాడే స్టీళ్లలో 316ఎల్ రకం ఒకటి. విశాఖలోనో, కాకినాడలోనో, చీరాలలోనో సముద్రానికి దగ్గరగా ఇల్లు కట్టుకునేవాళ్లు బాల్కనీ రెయిలింగు వేయించేటప్పుడు అడగాల్సిన నంబరు ఇది. ఉప్పుగాలికి మామూలు రకాల మీద గోధుమరంగు మరకలు త్వరగా వస్తాయి. వంట గిన్నెకి మాత్రం 316 ఉండి తీరాలన్న పట్టింపు అక్కర్లేదు. 304తో హాయిగా గడిచిపోతుంది.

ఇక్కడో మాట స్పష్టంగా చెప్పుకోవాలి. 202 దొంగసరుకు కాదు, విషమూ కాదు. పప్పులూ పిండీ పోసుకునే డబ్బాలకి, గ్లాసులకి, పళ్లేలకి అది చాలు. డబ్బు చూసుకుని ఖర్చు పెట్టే ఇల్లాలు తెలిసి 202 కొంటే అది తెలివైన బేరమే. 202ని 202గా అమ్మితే ఎవరికీ పేచీ లేదు. దాన్ని 304 అని చెప్పి, 304 ధర తీసుకోవడం మాత్రం మోసం. మా అమ్మకి జరిగింది అదే.

తూకం చెప్పదు, మెరుపు చెప్పదు, అయస్కాంతమూ పూర్తిగా చెప్పదు

"మేం చూసే కొంటాంలెండి" అంటారా? ఎలా చూస్తాం? బరువు చూస్తాం. కానీ 304కీ 202కీ బరువులో పెద్ద తేడా లేదు. చేతికి బరువుగా తగిలితే అది రేకు మందం, అంటే గేజి. మందపాటి 202 గిన్నె, పల్చటి 304 గిన్నె కంటే బరువే తూగుతుంది. గేజి మంచిదైతే సొట్టలు పడవు, మాడటం తగ్గుతుంది. అది వేరే సుగుణం, గ్రేడు వేరే సంగతి. రెండూ అడగాలి.

మెరుపు చూస్తాం. మెరుపు పాలిష్ పట్టిన పనివాడి గొప్పతనం. అద్దంలా మెరిసేదంతా మేలురకం అయితే, మా అమ్మమ్మగారి తపేలా ఎడమవైపు కుప్పలో పడేది!

ఇక అయస్కాంతం. "అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే అసలు" అని ఒక మాట ఊరంతా ప్రచారంలో ఉంది. అది సగమే నిజం. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే అది 430 లాంటి నికెల్ లేని రకమని అర్థం, నకిలీ అని కాదు. పట్టుకోకపోతే 304 కావచ్చు, 202 కావచ్చు, జె4 కూడా కావచ్చు. ఆ మూడింటి మధ్యా తేడా అయస్కాంతానికి తెలియదు. ఇంకో చిక్కుంది. అసలైన 304 గిన్నెకి కూడా ఒత్తిడితో వంచిన అంచుల దగ్గరా, మూలల దగ్గరా అయస్కాంతం కొద్దిగా లాగినట్టుంటుంది. లోతుగా ఒత్తేటప్పుడు ఉక్కు లోపలి అమరిక మారడం వల్ల అలా అవుతుంది. దాన్ని చూసి మంచి గిన్నెని వెనక్కిచ్చి రాకండి. ఇండక్షన్‌కి పనికొచ్చే గిన్నె అడుగు అయస్కాంతానికి అంటుకుని తీరాలి. అక్కడ అంటుకోవడమే అసలు లక్షణం.

"ఫుడ్ గ్రేడ్" అన్న అట్ట ముక్క చూసి తృప్తి పడేవాళ్లూ ఉన్నారు. ఆ మాటలో అంకె లేదు. అంకె లేని మాటకి లెక్క లేదు. కచ్చితంగా తెలిసేది పాత సామాన్ల దుకాణంలో నేను చూసినలాంటి మిషనుతోనో, ప్రయోగశాలలోనో. అది మనింట్లో ఉండదు. కనక మన చేతిలో ఉన్న ఆయుధం ఒక్కటే... అడగడం, రాయించుకోవడం.

మన వల్ల జరిగే పొరపాట్లు

అన్ని తప్పులూ దుకాణం మీదికి నెట్టడం న్యాయం కాదు. 304 గిన్నెని కూడా మనం పాడు చేసుకోగలం. స్టీలుకి అసలు శత్రువు ఉప్పు. చల్లటి నీళ్లలో గల్లుప్పు వేస్తే అది కరగక అడుగున కూర్చుంటుంది. కూర్చున్నచోట ఆ సన్నటి పొరని తినేసి చిన్న చిన్న గుంటలు పెడుతుంది. గుంట పడితే ఇక పూడదు. నీళ్లు మరిగాక ఉప్పు వేసి కలియబెడితే ఈ బెడద ఉండదు.

పులుసు కూరలు వండిన గిన్నెలోనే రెండ్రోజులు ఉంచకండి. ఆవకాయ, మాగాయ, చింతకాయ పచ్చడి నెలల తరబడి స్టీలు డబ్బాలో నిల్వ చేయకండి. ఉప్పూ పులుపూ కలిసి పనిచేస్తే ఎంత మంచి గ్రేడైనా అన్నాళ్లు ఓర్చుకోలేదు. పచ్చళ్లకి జాడీ వాడిన పెద్దవాళ్లకి రసాయన శాస్త్రం తెలియకపోవచ్చు, సంగతి మాత్రం తెలుసు.

ఇనుప పీచుతో గట్టిగా తోమితే దాని పొడి గిన్నెకి అంటుకుని, ఆ పొడి తుప్పు పడుతుంది. మనం గిన్నే తుప్పు పట్టిందనుకుంటాం. కొబ్బరి పీచో, నైలాన్ పీచో చాలు. బ్లీచింగ్ పౌడరు నీళ్లు గిన్నెల్లో, సింకులో నిలవనివ్వకండి. అందులోని క్లోరిన్ స్టీలుకి హాని. బోరు నీళ్ల తెల్లటి మరకలకి నిమ్మచెక్కో, కాస్త చింతపండో రుద్ది కడిగేయండి. ఖాళీ గిన్నె ఎక్కువ వేడెక్కితే వచ్చే నీలం, పసుపు రంగుల చారలు చూసి భయపడక్కర్లేదు. అది పొర మందం మారడమే.

అడుగంటుతోందన్న ఫిర్యాదు ఏ గ్రేడు స్టీలుకైనా తప్పదు. వేడిని గిన్నె అంతటా సమంగా పాకించడంలో స్టీలు చాలా మందకొడి. సత్తూ, రాగీ దానికంటే ఎన్నో రెట్లు నయం. అందుకే అడుగున రాగి పూసినవీ, రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం పెట్టినవీ వచ్చాయి. పాలు కాచడానికి, పాయసానికి అలాంటివి తీసుకుంటే గరిటె తిప్పే బాధ కొంత తగ్గుతుంది.

ఇంకొక్క మాట, గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు దురదపెట్టి పుండు పడేవాళ్ల కోసం. అందుకు తరచుగా కారణం నికెల్ పడకపోవడం. అమెరికాలో 2013లో వెలువడిన ఒక పరిశోధనలో టమాటా గుజ్జుని స్టీలు గిన్నెలో గంటల తరబడి ఉడికించి చూశారు. కొంత నికెల్, క్రోమియం అందులోకి దిగినట్టు తేలింది. కొత్త గిన్నెలో మొదటిసారి ఎక్కువగా దిగింది. మళ్లీ మళ్లీ వండుతుంటే తగ్గుతూ వచ్చి, ఆరోసారికి ఒక స్థాయి దగ్గర నిలిచింది. మామూలుగా అందరూ బెంగపడాల్సిన విషయం కాదిది. నికెల్ పడదని డాక్టరు చెప్పినవాళ్లు మాత్రం పులుపు వంటలకి మట్టిపాత్రో, నికెల్ లేని 430 గిన్నెనో ఎంచుకోవడం మంచిది.

బిల్లు మీద మూడంకెలు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. గిన్నె చూసి గ్రేడు చెప్పడం మనవల్ల కాదు. అమ్మేవాడికి తెలుసు, చేసేవాడికి తెలుసు, తుక్కు కొనేవాడికి తెలుసు. డబ్బిచ్చే మనకొక్కళ్లకే తెలియకపోవడమేమిటి? ఇది మన అజ్ఞానమని సిగ్గుపడాల్సిన పని లేదు. చెప్పాల్సినవాళ్లు చెప్పకపోవడం వల్ల వచ్చిన లోటిది.

చట్టం మన పక్షానే ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, కొనే వస్తువు నాణ్యత, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కు మనకిచ్చింది. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం స్టీలు, అల్యూమినియం వంట పాత్రలకు ఐఎస్‌ఐ గుర్తు ఉండాలంటూ నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. స్టీలు పాత్రలకి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 14756. గిన్నె మీద ఐఎస్‌ఐ గుర్తూ, దాని దగ్గర లైసెన్సు నంబరూ ఉన్నాయేమో చూడండి. ఆ నంబరు నిజమైనదో కాదో బీఐఎస్ కేర్ అనే ఫోను యాప్‌లో చూసుకోవచ్చు. మీకు చేతకాకపోతే ఇంట్లో పిల్లలనడగండి, క్షణంలో చూసి చెబుతారు.

దాంతోపాటు మనం చేయాల్సిన పని ఒకటుంది. బిల్లు తీసుకోండి. అందులో "స్టీలు సామాన్లు, ఇన్ని కిలోలు" అని కాక, "304" అనో "202" అనో గ్రేడు రాయమనండి. "మా మీద నమ్మకం లేదామ్మా?" అంటారు. "నమ్మకం ఉంది కాబట్టే మీ దగ్గరికొచ్చాం, రాసివ్వండి" అనండి. నిజంగా 304 అమ్మేవాడికి రాయడానికి అభ్యంతరమేముంటుంది? రాయనంటే ఆ జవాబులోనే మనకి కావలసింది దొరికినట్టే. నిజాయితీగా అమ్మే వ్యాపారికి కూడా ఇది మేలే. పక్క దుకాణంలో 202ని 304 అని చవగ్గా అమ్ముతుంటే నష్టపోయేది ఆయనే కదా!

రాసిచ్చాక మోసమని తేలితే ఆ కాగితమే సాక్ష్యం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్న వస్తువు వెల 5 లక్షల రూపాయల లోపైతే ఫిర్యాదుకి ఫీజు కూడా లేదు. నోటిమాటకి మాత్రం ఏ కమిషన్ ముందూ విలువుండదు. మా అమ్మ దగ్గర ఉన్నది నోటిమాటే.

ఒక్కరు అడిగితే దుకాణదారు నవ్వి ఊరుకుంటాడు. పదిమంది అడిగితే ఆలోచిస్తాడు. డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లు, అపార్టుమెంటు మహిళలు, బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మలు, పెళ్లిళ్లకి క్యాటరింగు చేసేవాళ్లు గిన్నెలు ఒకటీ రెండూ కాదు, పదులకొద్దీ కొంటారు. ఈసారి కొనేటప్పుడు ముందు గ్రేడు అడగండి, తర్వాత ధర అడగండి. పెద్ద బేరం పోతుందంటే ఏ వ్యాపారైనా కాగితం మీద అంకె వేసి తీరతాడు.

ఇంట్లో ఉన్న పాతవాటి గురించి కంగారుపడి బయట పారేయక్కర్లేదు. గుంటలు పడని గిన్నె, తుప్పు మరక లేని గిన్నె ఏ రకమైనా నిక్షేపంలా వాడుకోండి. మచ్చలొస్తున్న వాటిని పొడి సరుకులకి మార్చండి. కొత్తది కొనేటప్పుడు మాత్రం పులుపుకీ, పాలకీ, నీళ్లకీ 304 అన్న లెక్క పెట్టుకోండి. అన్నీ అదే కొనాలంటే భారమవుతుంది. నాసిరకం గిన్నెలు ఇరవై ఒకటి కొని సారె పళ్లేల్లో నింపేకంటే, మంచివి ఏడు చాలు. అమ్మాయి కాపురానికి లెక్క కాదు, పనికొచ్చేది ముఖ్యం.

ఆరోజు పాత సామాన్ల దుకాణం నుంచి వస్తూ అమ్మమ్మగారి తపేలా వెనక్కి తెచ్చేసుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో చారు అందులోనే. దాని అంచు మీద వంకరటింకర అక్షరాలతో ఆవిడ పేరుంది. మొన్న మేనకోడలి పెళ్లికి బిందె కొన్నప్పుడు, బిల్లు మీద గ్రేడు రాయించుకుని, పేరు చెక్కే అబ్బాయి దగ్గరికి వెళ్లాను. అమ్మాయి పేరూ, తారీఖూ చెక్కాక, "పక్కన 304 అని కూడా వెయ్యి బాబూ" అన్నాను. "ఇదేం పేరండీ!" అని నవ్వాడు.

బిందె పేరే. మీరూ ఈసారి గిన్నె మీద మీ పేరు కొట్టించే ముందు దాని పేరేమిటో కనుక్కోండి. ఏమంటారు?